పారకు కామ, తుంటికి కాడ

కాకినాడ

ఒరే సత్యం,

పిన్నిగారు రేవు మెట్ల మీద జారిపడ్డారని చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు. తుంటి కీలు మార్చాలి, అయితే ఆవిడ ఎముకకు సరిపడే సైజు ముందు చూసుకోవాలి అని డాక్టరుగారు అన్నందుకు నువ్వు బెదిరిపోయావు. బెదరకు. అలా ముందే చూసుకునే డాక్టరు దొరకడం మన అదృష్టం. నేను రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది ఈ ఎముకల ఆకారాల పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

బాబాయిగారు పారకు కామ బిగించడం గుర్తుందా? చెక్కుతూ, దూర్చి చూస్తూ, మళ్ళీ చెక్కుతూ పొద్దంతా గడిపేవారు. తుంటి ఆపరేషన్లో తొడ ఎముక లోపలి బోలులోకి ఒక లోహపు కాడ దింపుతారు, దాని తల మీద బంతి ఉంటుంది. కాడ వదులైతే ఊగి నొప్పి పెడుతుంది. బిగువు మరీ ఎక్కువైతే ఎముకే చీలుతుంది. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతికి గట్టి ప్లాస్టిక్ గిన్నె జత చేసినప్పుడు కాడ చుట్టూ సందును ఎముక సిమెంటుతో నింపాడు. సిమెంటు లేకుండా బిగించే కాడలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఆకారమే ఆధారం.

మేము చేసేది ఇది. చాలామంది సీటీ స్కాన్లు తీసుకుని, ప్రతి ఎముక మీదా అవే చోట్ల వేల బిందువులు గుర్తిస్తాం. వాటి నుంచి సగటు ఎముక వస్తుంది. దానికంటే విలువైనది, ఎముకలు ఆ సగటు నుంచి ఏయే దారుల్లో మారతాయో తెలుస్తుంది. మొదట కనిపించేది పరిమాణం. తర్వాత ఎముక తలనూ కింది పొడవాటి భాగాన్నీ కలిపే మెడ వంపు, ఆ మెడ పొడవు, లోపలి బోలు తీరు. మెడ వంపు సుమారు 125 నుంచి 135 డిగ్రీలు అంటారు గానీ, దానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళూ ఎందరో. ఆ బంతి తొడ ఎముకకు కాస్త దగ్గరగా జరిగినా పిరుదు కండరాలు వదులై మనిషి కుంటవచ్చు.

పిన్నిగారి విషయంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. వయసులో ఎముక లోపలి బోలు పైన వెడల్పుగా, కింద సన్నగా గరాటులా ఉంటుంది. ముసలితనంలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, గోడలు పలచబడి అది వెదురు గొట్టంలా అవుతుంది. అంటే బయటికి చిన్న ఎముక, లోపల పెద్ద బోలు! పెద్ద కాడనే అంతటా సమంగా కుదించి చిన్న సైజు అంటే ఆవిడకు ఎలా అమరుతుంది? మన దేశంలో కొలిచిన తొడ ఎముకలు సగటున పాశ్చాత్యుల వాటికంటే చిన్నవి. అందుకే మన ఊళ్ళ ముసలమ్మల స్కాన్లు కూడా ఆ లెక్కలోకి రావాలని నేను అందరితోనూ పోట్లాడుతుంటాను.

స్కాన్ కాపీ ఒకటి నా కోసం దాచు. పీట మీద కూర్చుని కూరలు తరిగే అలవాటు ఆవిడకు ఉందని డాక్టరుగారికి తప్పక చెప్పు, బాగా వంగితే కొత్త కీలు తప్పుకునే ప్రమాదం ఉంది. శనివారం రావులపాలెం మీదుగా బస్సులో వస్తాను. ఈలోగా వడ్రంగితో ఎత్తయిన కుర్చీ ఒకటి చేయించు, కూర్చుంటే మోకాళ్ళ కంటే తుంటి పైకి ఉండాలి. కత్తిపీట బదులు చాకు నేను తెస్తాను.

నీ
రాంబాబు