అది దొంగబుద్ధి కాదు, జబ్బు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలోని ఒక బాలికల హాస్టల్‌లో నేను కొన్నేళ్లు ట్యూటర్‌గా పనిచేశాను. ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకరు పక్క మంచం పిల్ల పెట్టెలోని సకినాల డబ్బాను రాత్రికి రాత్రే ఖాళీ చేసిందని, మరొకరి పర్సులోంచి రెండు వందలు తీసి బేకరీకి వెళ్లిందని పంచాయితీ పెట్టి, తల్లిని పిలిపించి, ఆ పిల్లను ఇంటికి పంపేశారు. ఆ పంచాయితీలో నేనూ కూర్చున్నాను. పగలంతా ఒక్కపొద్దంటూ పళ్లెం ముట్టని పిల్ల, రాత్రి తిన్నదంతా బాత్రూంలో కక్కుకోవడం, ముంజేతి మీది గాయాలను ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాతో కప్పుకోవడం మేమందరం చూశాం. వాటిని ఒకచోట చేర్చి ఆలోచించినవారు మాత్రం ఒక్కరూ లేరు.

అదుపు తప్పి తినడం, వెంటనే దాన్ని కక్కేయడం అనే ఈ జబ్బుకు 1979లో లండన్ మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్ బులీమియా నెర్వోసా అని పేరు పెట్టారు. ఈ రోగుల్లో కొందరు క్షణికావేశంలో దొంగతనానికి, మద్యానికి, తమను తాము గాయపరచుకోవడానికి కూడా లోనవుతారని ఆ తర్వాతి వైద్యులు గుర్తించారు. ఇది పాశ్చాత్యుల జబ్బని కొట్టిపారేయడానికి లేదు. జపాన్ తరఫున ప్రపంచ పోటీల్లో పరుగెత్తిన ఒక మారథాన్ క్రీడాకారిణి దుకాణంలో దొంగతనం చేసి పట్టుబడ్డాక, ఏళ్లుగా తనకీ జబ్బు ఉందని తానే బయటపెట్టారు. జబ్బు ఒకటే అయినా రోగులు చెప్పుకునే మాట ఊరిని బట్టి మారుతుంది. దీనికి దగ్గరి జబ్బైన అనొరెక్సియాతో తిండి మానేసిన హాంకాంగ్ రోగుల్లో చాలామంది లావవుతామన్న భయం గురించి కాక, కడుపు ఉబ్బరం గురించే చెప్పారని అక్కడి వైద్యుడు సింగ్ లీ 1990లలో రాశారు. మన పిల్లలు గ్యాస్ అంటారు, ఒక్కపొద్దు అంటారు, పెద్దలు దిష్టి అంటారు, వార్డెన్ పొగరు అంటుంది.

పదేపదే కక్కుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో ఉన్న పిల్లను దొంగ అని పేరు పెట్టి ఇంటికి పంపితే, వైద్యుని దగ్గరికి వెళ్లే దారిని మనమే మూసినట్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక వైద్యులతో వార్డెన్లకు, వంటవారికి శిక్షణ ఇప్పించాలని, ఏ అమ్మాయినైనా ఇలాంటి కారణంతో పంపేసే ముందు ఒకసారి వైద్యునికి చూపించడాన్ని నియమం చేయాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. అంతవరకు ప్రతి హాస్టల్ భోజనశాలలో, ఆ వారం మెనూ రాసే బోర్డు మీదే, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 రాసి పెట్టించాలని మనవి.

– ఒక మాజీ ట్యూటర్, నల్లగొండ