పేటెంటు సంగతి ఓటుకు ముందే చెప్పించండి: ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చైర్మన్ గారికి,

నమస్కారం. చిప్‌లో మెమరీ కంట్రోలర్ అనే భాగాన్ని డిజైన్ చేయడం నా పని. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య డేటాను చేరవేసేది అదే. మెమరీ ప్రమాణాల మీద కంపెనీలు ఓటు వేసేటప్పుడు తమ పేటెంట్ల సంగతి చెప్పకపోవడం వల్ల, ఆ భాగం చుట్టూ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగిన లైసెన్సు తగాదాల గురించి మీకు రాస్తున్నాను.

డీడీఆర్3 అనే రకం మెమరీ ఉన్న కంప్యూటర్‌ను ఆన్ చేశామనుకోండి. తెర మీద ఒక్క అక్షరం కూడా రాకముందే కంట్రోలర్ మెమరీ చిప్‌లోని మోడ్ రిజిస్టర్లను, అంటే చిప్ ఎలా పనిచేయాలో చెప్పే సెట్టింగుల గళ్లను, వరసగా నింపుతుంది. ముందు ఎమ్ఆర్2, తర్వాత ఎమ్ఆర్3, ఎమ్ఆర్1, చివర్లో ఎమ్ఆర్0. ఆ ఎమ్ఆర్0లో కొన్ని బిట్లు ఒకసారి అడిగితే ఎన్ని విడతల డేటా రావాలో చెబుతాయి. అది బర్స్ట్ లెంగ్త్. అడిగాక ఎన్ని క్లాకులు ఆగాలో ఇంకొన్ని చెబుతాయి. అది క్యాస్ లేటెన్సీ. మరో బిట్ చిప్‌లోని డీఎల్ఎల్‌ను, అంటే డేటాను క్లాక్‌తో సరిగ్గా కలిపి నడిపే సర్క్యూట్‌ను, రీసెట్ చేస్తుంది. ఇక అక్కణ్ణుంచి క్లాక్ పైకి లేచినప్పుడూ, కిందికి దిగినప్పుడూ డేటా నడుస్తూనే ఉంటుంది. 2002లో మీ కమిషన్ రాంబస్ అనే మెమరీ టెక్నాలజీ కంపెనీ మీద వేసిన కేసులో నలిగిన నాలుగు టెక్నాలజీలూ ఇవే. మేం రోజూ రాసే బిట్లే.

రాంబస్‌ను దొంగ అనడం నా ఉద్దేశం కాదు. 1990లో మైక్ ఫార్మ్‌వాల్డ్, మార్క్ హోరోవిట్జ్ పెట్టిన ఆ కంపెనీకి నిజమైన తెలివి ఉంది. మెమరీ ప్రాసెసర్ వేగాన్ని అందుకోలేకపోతోందని చాలామంది కంటే ముందే గుర్తించి, దానికి పరిష్కారాలు వెతికింది. అటువైపు మెమరీ కంపెనీలూ కడిగిన ముత్యాలేం కావు. ధరలు కుమ్మక్కై పెంచినందుకు శాంసంగ్ 2005లో 30 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. హైనిక్స్ 18.5 కోట్లు కట్టింది.

నా బాధల్లా జెడెక్ అనే ప్రమాణాల సంస్థ మీటింగుల్లో జరిగిన దాని గురించే. మెమరీ ప్రమాణాలు తయారయ్యేది అక్కడే. 1990ల మొదట్లో రాంబస్ ఆ సమావేశాల్లో కూర్చుని, 1996లో బయటికొచ్చింది. తన పెండింగ్ పేటెంటు దరఖాస్తుల సంగతి అక్కడ దాచిపెట్టిందని 2006లో మీ కమిషనే తేల్చింది. ఎస్‌డీరామ్ అనే పాత రకం మెమరీ చిప్‌లకు 0.25 శాతం, దాని తర్వాత వచ్చిన డీడీఆర్ చిప్‌లకు 0.5 శాతం మించి రాయల్టీ అడగొద్దని 2007లో ఆదేశించింది. 2008 ఏప్రిల్‌లో డీసీ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు మీ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. అంతకుముందు 2003లోనే ఇన్ఫినియన్ అనే చిప్ కంపెనీకీ రాంబస్‌కీ మధ్య నడిచిన కేసులో, పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒక మాట అంది: జెడెక్ పేటెంటు నియమాల్లో స్పష్టతే లేదని. నాకు అన్నిటికంటే పెద్ద పాఠం అదే. ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కాగితం మీద సరిగా లేదు కాబట్టే ఇంత రాద్ధాంతం.

ఆ మూల్యం ఎవరెవరు కట్టారో చూడండి. మెమరీ కంపెనీల్లో శాంసంగ్ 2010లో, హైనిక్స్, మైక్రాన్ 2013లో రాంబస్‌తో రాజీ పడ్డాయి. ఎన్విడియా సంగతి వేరు. అది గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ, మెమరీ చిప్‌లు తయారు చేయదు. అయినా దాని చిప్‌లలోని కంట్రోలర్ల కోసం 2008లో రాంబస్ దావా వేసింది. అది తెమలడానికి 2012 దాకా పట్టింది. ఇదేదో పాత కథ అనుకోకండి. మెమరీ మాడ్యూళ్ల (మెమరీ చిప్‌లు అమర్చిన చిన్న పలకల) పేటెంట్ల మీద 2023లో టెక్సాస్ జ్యూరీ నెట్‌లిస్ట్ అనే కంపెనీకి శాంసంగ్ సుమారు 30 కోట్ల డాలర్లు కట్టాలంది. మరుసటి ఏడాది మైక్రాన్ వంతు, 44.5 కోట్లు.

నేను పనిచేసిన ఒక టీములో టేపౌట్‌కు, అంటే డిజైన్‌ను తయారీకి పంపడానికి, మూడు వారాల ముందు లీగల్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఫలానా బ్లాక్‌ను ఎవరూ ముట్టుకోవద్దని. ఎందుకో చెప్పలేదు. దాని గురించి మెయిళ్లలో రాసుకోవద్దని కూడా అన్నారు. అన్ని టెస్టులూ పాసైన బ్లాక్ అది. నెలల తరబడి రాత్రులు కూర్చుని చేసిన కుర్రాళ్లు "ఏం తప్పు చేశాం సార్?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ప్రమాణం పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశారు వాళ్లు. ఆ టెన్షన్ మర్చిపోలేను.

అందుకే అడుగుతున్నాను. ప్రమాణాల సంస్థలో కూర్చునే ప్రతి కంపెనీ తన పేటెంట్లే కాదు, పెండింగ్ దరఖాస్తులు కూడా ఓటింగ్‌కు ముందే బయటపెట్టాలని, గరిష్ఠంగా ఎంత రాయల్టీ అడుగుతుందో అప్పుడే రాసివ్వాలని మీ కమిషన్ మార్గదర్శకాలు తేవాలి. "న్యాయమైన రేటుకే ఇస్తాం" అన్న హామీ ఒక్కటీ సరిపోదు. న్యాయమైనదంటే ఎంతో చివరికి జ్యూరీయే తేల్చాల్సి వస్తోంది. ఇది కుదరని పని కాదు. కంప్యూటర్ భాగాల మధ్య డేటా నడిచే దారులకు (బస్‌లకు) ప్రమాణాలు చేసే వీటా సంస్థ గరిష్ఠ రేటు ముందే చెప్పాలని నియమం తెస్తే, 2006లో అమెరికా న్యాయశాఖ అభ్యంతరం లేదంది. దాచినవాళ్లకు ఆ ప్రమాణం మీద ఆ పేటెంటుతో రాయల్టీ రాదని కూడా నియమంలో ఉండాలి. ఇందులో కనిపెట్టినవాళ్లకు నష్టమేమీ లేదు. ముందే ధర చెప్పి, నచ్చితే తీసుకోమంటారు, అంతే.

ముందుగా దీని మీద ఒక బహిరంగ విచారణ పెట్టండి. దానికి లాయర్లతో పాటు మోడ్ రిజిస్టర్ బిట్లు రాసే మాలాంటివాళ్లనూ పిలవండి. నేను వస్తాను.

ఇట్లు,
ఒక మెమరీ కంట్రోలర్ ఇంజినీరు