కమాండర్ గారికి అమ్మ రాసేది

చిన్నా,

నిన్ను ఏదో అడగాలని రాస్తున్న ఉత్తరం కాదిది. మూడు ఆదివారాలుగా ఫోన్ రాలేదన్న సంగతి నేను ఎత్తను. పనులుంటాయి, నాకు తెలియదా. ఊరికే నాలుగు కబుర్లు చెబుదామని కూర్చున్నాను.

మొదటి కబురు, నువ్వాడే ఆ యుద్ధాల కంప్యూటర్ ఆట, రెడ్ అలర్ట్ 3, నేనూ ఆడుతున్నాను. నవ్వకు. పోయిన వారం చిట్టి వచ్చి తన ఫోన్‌లో చూపించింది, రాత్రి మూడింటికి కూడా నీ పేరు పక్కన ఆ ఆటే ఉందని. "అన్నయ్య ఉద్యోగం మానేశాడటగా పెద్దమ్మా" అని కూడా అంది. ఎవరో అన్నారట. నేను పట్టించుకోలేదు. ఆట మాత్రం దాని చేతే మన పాత కంప్యూటర్లో పెట్టించుకున్నాను. ఆట 2008 నాటిది, కంప్యూటరూ దాదాపు అప్పటిదే, రెండూ బాగానే సర్దుకున్నాయి.

కథ చూసి ముందు నోరెళ్ళబెట్టాను. సోవియట్ వాళ్ళు ఓడిపోబోతూ, టైమ్ మెషీనెక్కి 1927లో బ్రస్సెల్స్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళి ఐన్‌స్టీన్‌కి షేక్‌హ్యాండ్ ఇస్తారు. అంతే, ఆయన మాయం. తిరిగొచ్చేసరికి అణుబాంబు అన్నదే లేదు, దాని బదులు ఎవరూ ఊహించని జపాన్ సామ్రాజ్యం రోబోలతో మీదకొస్తుంది. ఎంత తెలివిగా తమ నెత్తిన తామే చెయ్యి పెట్టుకున్నారో చూడు. ముందూ వెనకా చూడకుండా ఒక్క ఊపులో నిర్ణయం తీసుకుంటే ఇలాగే ఉంటుంది. నీ గురించి కాదు, ఆట గురించే అంటున్నాను.

ఇంత పిచ్చి కథని ఆ నటులు ఎంత శ్రద్ధగా చేశారో! టిమ్ కర్రీ, జార్జ్ టకే, జె.కె. సిమన్స్, అందరూ పేరున్నవాళ్ళే. ఒక్కరూ "ఇది ఉత్త ఆటేగా" అన్నట్టు చెయ్యలేదు. టిమ్ కర్రీ అంతరిక్షానికి పారిపోతానని కళ్ళు పెద్దవి చేసి చెప్పేటప్పుడు చూడు, నవ్వాపుకోలేక చస్తున్నట్టే ఉంటాడు, అయినా ఆపుకుంటాడు. వెటకారంగా చేసుంటే రెండు నిమిషాల్లో విసుగొచ్చేది. నమ్మి చేశారు కాబట్టే ఇన్నేళ్ళ తర్వాత కూడా నవ్వొస్తోంది. నీకు ఇదెందుకు ఇష్టమో ఇప్పటికి అర్థమైంది.

ఇంకోటి, వాళ్ళందరూ తెరలోంచి సూటిగా నా కళ్ళలోకి చూసి "కమాండర్" అని పిలుస్తారు. ఈ ఇంట్లో నన్నెవరు అంత గౌరవంగా పిలిచారు? టిమ్ కర్రీ వేసిన ఆ సోవియట్ నాయకుడు చెర్డెంకో ప్రతి మిషన్‌కి ముందు తప్పకుండా పలకరిస్తాడు. వాడికున్న తీరిక కొందరికి లేదు.

నీ పదో తరగతి పరీక్షలప్పుడు ఒక రాత్రి గుర్తుందా? లైటు వెలుగుతోందని వచ్చాను. చదువుతున్నావేమో, పాలేమైనా కావాలా అని అడగబోయాను. నువ్వేమో ఆటలో ఉన్నావు. చెవి పట్టుకుందామని చెయ్యి కూడా ఎత్తాను. "అమ్మా, ఒక్క నిమిషం, ఎలుగుబంట్లు దిగాలి" అన్నావు. తిట్టడానికి నోరు తెరిచి, ఎలుగుబంట్లేమిట్రా అని తెర వైపు చూశాను. ఒక బండి ఫిరంగిలోంచి ఎలుగుబంటిని ఆకాశంలోకి పేల్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి. కవచాలు తొడుక్కుని, పారాచూట్లు విప్పుకుని, ఎంతో బాధ్యతగా కిందికి దిగుతున్నాయి. నువ్వు లెక్క తప్పావు, మూడూ నీళ్ళలో పడ్డాయి. అయ్యో పాపం అన్నాను నేను. "ఏం కాదమ్మా, వాటికి ఈతొచ్చు" అన్నావు, ఒడ్డుకెక్కి అరిచాయంటే శత్రు సైనికులు బిగుసుకుపోతారని వివరించావు. నాకు నవ్వాగలేదు. మీ నాన్న లేచి "ఏమిటా గోల" అంటూ వస్తుంటే నేనే తెర ఆర్పి, నీ చేతిలో లెక్కల పుస్తకం పెట్టాను. దాన్ని తలకిందులుగా పట్టుకున్నావు. ఆయన చూసి కూడా ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. పొద్దున మాత్రం "మీ ఎలుగుబంట్లు నిద్ర లేచాయా?" అన్నారు. ఇన్నేళ్ళకీ ఆయనకి ఎలా తెలిసిందో నాకు చెప్పలేదు.

నా ఆట సంగతికొస్తే, ఓడిపోతూనే ఉన్నాను. నిన్న శత్రువుల మీదకి కరెంటు షాకులు విసిరే టెస్లా కాయిల్స్ వరసగా కట్టి గర్వంగా చూసుకుంటుంటే, కరెంటు చాలక అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పవర్ ప్లాంట్లు సరిపడా కట్టకుండా పైపై హంగులు పెంచితే ఏమవుతుంది మరి? నిద్ర లేకుండా పనిచేసే మనిషీ అంతే. మూడింటి దాకా మేలుకుంటే కళ్ళేం కావాలి? ఆ కుడి చేతి మణికట్టు నొప్పి తగ్గిందా? కుర్చీ ఎత్తు సరిచేసుకోమన్నాను, చేసుకున్నావా? పాఠం చెప్పకూడదనుకునే మొదలుపెట్టాను, వదిలెయ్.

సోవియట్ వైపు చివరికి చెర్డెంకో అసలు రంగు బయటపడింది. గెలిచిపెట్టినన్నాళ్ళూ పొగిడి, పని అయ్యాక నన్నే అడ్డు తొలగించుకోవాలని చూశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ ఆఫీసులో కూడా ఎవరైనా అలాగే చేశారా? చేస్తే చేశారు, అది నీ తప్పు కాదు. మానేస్తే మానేశావు, మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. నిజానికి ఆయనకి ముందే తెలుసేమో, ఎలుగుబంట్ల సంగతి తెలిసినట్టు.

ఇప్పుడు మిత్రపక్షం వైపు ఆడుతున్నాను. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన ఆ రష్మోర్ కొండ దగ్గర ఇరుక్కున్నాను. ఆ రాతి అధ్యక్షుల తలలు కిరణాలు కక్కుతుంటే నా సైన్యం నిలవడం లేదు. చిట్టిని అడిగితే దానికీ తెలియదు. ఎటువైపు నుంచి వెళ్ళాలో నువ్వే చెప్పాలి. రాస్తే నాకు అర్థం కాదు, ఫోన్‌లో చెప్పు. రాత్రి మూడింటికైనా సరే, నేనూ మేలుకునే ఉంటున్నాను.

అమ్మ