మా టౌన్‌షిప్ సంగతులు, రిటైరైన కార్యదర్శి గారికి

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నా ఆరోగ్యం, పిల్లల చదువులు రెండు వాక్యాలలో విచారించి, మిగిలిన పేజీన్నర నిండా మీ ఊళ్లో ఇంటి పన్ను ఎవరికి కడతారు, రోడ్డు పాడైతే ఎవరిని అడుగుతారు, గ్రామసభ జరుగుతుందా, జరిగితే కోరం ఉంటుందా అని ప్రశ్నలే వేశావు. పంచాయతీ కార్యదర్శి కుర్చీ నిన్ను వదిలింది గాని, నువ్వు దాన్ని ఇంకా వదలలేదని అర్థమైంది. సరిగ్గా ఆ వారమే మా టౌన్‌షిప్ నుంచి శీతకాలపు పన్ను బిల్లు, దానితోపాటు ఊరి వార్తలు అచ్చువేసిన మడత కాగితం ఒకటి వచ్చాయి గనుక, ఆ కాగితాన్ని పక్కన పెట్టుకొని నీకు జవాబు రాస్తున్నాను.

ఊరు అంటున్నాను గాని నీ మనసులో మెదిలే ఊరు ఇక్కడ లేదు. రచ్చబండ లేదు, చెరువుగట్టు లేదు, నడివీధి అసలే లేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్ నుంచి ఉత్తరంగా గంటసేపు ప్రయాణం చేస్తే మొక్కజొన్న, సోయాచిక్కుడు చేల మధ్య దూరదూరంగా ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లూ పొలాలూ అన్నీ కలిసి ఒక టౌన్‌షిప్. 1785 నాటి భూమి చట్టంతో మొదలైన పద్ధతిలో సర్వేయర్లు గొలుసులు పట్టి ఈ నేలను ఆరేసి మైళ్ల చదరాలుగా కొలిచారు. ఒక్కొక్క చదరంలో 36 సెక్షన్లు, సెక్షనుకు ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. అందులో 16వ సెక్షనును బడి ఖర్చులకని కేటాయించారు. డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు హద్దుగా పేరుపడ్డ ఎయిట్ మైల్ రోడ్డే మిషిగన్ కొలతలకు ఆధారరేఖ. అందువల్ల మా రోడ్లు గళ్ల లుంగీ మీద గీతల్లాగా మైలుకొకటి చొప్పున తిన్నగా సాగుతాయి. వాగు వెంటా గట్ల వెంటా వంకర్లు పోయే సర్వే నంబర్లతో, చిరిగిన ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) పటాలతో జీవితమంతా కుస్తీ పట్టిన నువ్వు మా టౌన్‌షిప్ పటం చూస్తే తప్పకుండా అసూయపడతావు.

ఇటువంటి టౌన్‌షిప్‌లు మిషిగన్‌లో 1,240 ఉన్నాయి. మా పాలకవర్గంలో ఐదుగురే: సూపర్‌వైజరు, క్లర్కు, ట్రెజరరు, ఇద్దరు ట్రస్టీలు. సూపర్‌వైజరును మన సర్పంచి అనుకో. క్లర్కు చేసేది దాదాపు నీ ఉద్యోగమే, అయితే ఆమెను నియమించే అధికారీ లేడు, బదిలీ చేసే అధికారీ లేడు. నాలుగేళ్లకొకసారి దేశాధ్యక్షుడి పేరున్న బ్యాలెట్టు మీదే కింద ఎక్కడో ఆమె పేరూ ఉంటుంది, జనం ఓటేస్తేనే కుర్చీ. అదీ పార్టీ టికెట్టు మీద! మన దగ్గర సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరగాలని నియమం, జరిగేదేమిటో నీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ మాత్రం శ్మశానంలో గడ్డి కోయించే బాధ్యత కోసం కూడా రిపబ్లికనో డెమోక్రటో చెప్పుకొని నిలబడాలి. ఇంకొక విడ్డూరం ఏమిటంటే, ఓటర్ల జాబితా చూడటం, పోస్టులో బ్యాలెట్లు పంపటం, పోలింగు ఏర్పాట్లు చేయటం అన్నీ క్లర్కు పనులే గనుక, తాను అభ్యర్థిగా ఉన్న ఎన్నికను తానే నడుపుతుంది. 2022లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి తొమ్మిది రోజుల ముందస్తు పోలింగు తెచ్చిన తరువాత ఆ పని మరింత పెరిగింది.

ఇక నీ మొదటి ప్రశ్న, ఇంటి పన్ను. ఇది కాస్త ఓపికగా విను, ఎందుకంటే ఇందులో నేను దెబ్బ తిన్నాను. పన్ను ఏడాదికి రెండుసార్లు వస్తుంది: జులైలో వచ్చే వేసవి బిల్లు సెప్టెంబరు 14 లోపల, డిసెంబరులో వచ్చే శీతకాలపు బిల్లు ఫిబ్రవరి 14 లోపల కట్టాలి. వసూలు చేసేది టౌన్‌షిప్ ట్రెజరరే అయినా, ఆ డబ్బులో టౌన్‌షిప్‌కు మిగిలేది చాలా తక్కువ. కౌంటీకి (మన జిల్లా వంటిది), బడులకు, రాష్ట్రానికి, గ్రంథాలయానికి ఎవరి వాటా వారికి పంచి ఇవ్వటమే ఆమె పని. మన పంచాయతీలో గ్రంథాలయ పన్ను విడిగా వసూలు చేసి పంపినట్లే, కాకపోతే ఇక్కడ పంపేదే ఎక్కువ, ఉంచుకొనేది తక్కువ. మార్చి 1 దాటితే బకాయిల పట్టీ కౌంటీ ట్రెజరరుకు వెళ్లిపోతుంది, ఆ తరువాత టౌన్‌షిప్ కిటికీ దగ్గర ఎంత బతిమాలినా ప్రయోజనం లేదు.

పన్ను లెక్క మిల్లులలో ఉంటుంది. ఇది మన ధాన్యం మిల్లు కాదు. విలువలో వెయ్యి డాలర్లకు ఒక డాలరు పన్ను అయితే దాన్ని ఒక మిల్లు అంటారు. ఇంటి అమ్మకపు విలువలో సగాన్ని అంచనా విలువగా రాస్తారు. దాని పక్కనే పన్ను విలువ అని మరొక అంకె ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1994లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం ఒకే యజమాని ఉన్నంతకాలం ఈ పన్ను విలువ ఏడాదికి ద్రవ్యోల్బణం మేరకో, అయిదు శాతం మేరకో, రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే పెరుగుతుంది. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడు ఆ కట్టు తెగిపోయి పన్ను విలువ ఒక్కసారిగా అంచనా విలువ దగ్గరకు లేస్తుంది. నేను ఈ ఇల్లు కొన్నప్పుడు ముప్ఫై ఏళ్లుగా అక్కడే కాపురమున్న ముసలాయన కట్టిన బిల్లు చూసి, ఆహా, పల్లెలో పన్ను ఎంత చవక అని మురిసిపోయాను. మరుసటి ఏడాది బిల్లు చూసి అచ్చుతప్పేమో అనుకొని టౌన్‌షిప్ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడ ఇళ్లకు విలువ కట్టే అసెసరు నా ముఖం చూడగానే, కొత్తగా కొన్నారా అని మాత్రమే అడిగింది.

అంతటితో అయిపోలేదు. సొంతానికి నివసించే ఇంటికి బడి నిర్వహణ పన్నులో 18 మిల్లుల వరకు మినహాయింపు ఉంది, కాని అది దానంతట అది రాదు. జూన్ 1 లోపల ఒక కాగితం దాఖలు చేస్తేనే ఆ ఏడు వేసవి బిల్లు నుంచి వర్తిస్తుంది. ఇల్లు చేతులు మారిన 45 రోజులలో యాజమాన్య మార్పు పత్రం కూడా ఇవ్వాలి. ఆ రెండవది ఇచ్చాను, మొదటిది మరిచిపోయాను. తప్పు పూర్తిగా నాదే. ఎంతోమంది చేత దరఖాస్తు మీద సంతకాలు పెట్టించుకొని, తేదీ వేయలేదని వెనక్కి పంపిన నీకు ఈ కథ చెప్పటానికి సిగ్గుగానే ఉంది.

విలువ ఎక్కువ వేశారనుకుంటే మార్చి నెలలో పునర్విచారణ బోర్డు ముందు చెప్పుకోవచ్చు. ముగ్గురు ఊరివాళ్లే కూర్చుంటారు, ఉద్యోగులు కారు. పక్క ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో కాగితాలతో చూపితే వింటారు. నచ్చకపోతే అక్కడి నుంచి రాష్ట్ర పన్నుల ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. నా పన్ను విలువ చట్టప్రకారమే ఉంది గనుక నేను వెళ్లలేదు, కాని మా ఎదురింటి రైతు తన పాత గొడ్లచావడికి కొత్త షెడ్డు విలువ కట్టారని ఫొటోలు పట్టుకుపోయి తగ్గించుకొని వచ్చాడు.

రోడ్డు ప్రశ్నకు జవాబు విని నువ్వు తప్పక ఆశ్చర్యపోతావు: మా టౌన్‌షిప్‌కు రోడ్లు లేవు. 1931లో వచ్చిన చట్టంతో మిషిగన్‌లోని టౌన్‌షిప్ రోడ్లన్నీ కౌంటీల చేతికి పోయాయి. గుంత పడితే సూపర్‌వైజరు ఇంటికి వెళ్లి లాభం లేదు, ఫిర్యాదు కౌంటీ రోడ్డు విభాగానికే. అయితే వాళ్ల డబ్బు పెద్ద రోడ్లకే సరిపోతుంది గనుక, మా కంకర రోడ్ల మీద కొత్త కంకర పోయాలన్నా, ఎండాకాలం దుమ్ము లేవకుండా ఉప్పునీరు చల్లాలన్నా టౌన్‌షిప్ తన వాటా తెచ్చి పెట్టవలసిందే. అధికారం ఒకరిది, ఖర్చులో సగం మరొకరిది. ఈ ఏర్పాటు నీకు ఎక్కడో విన్నట్లు అనిపిస్తే నేను బాధ్యుణ్ణి కాను. ఆ వాటా కోసం రోడ్డు మిల్లు ఒకటి బ్యాలెట్టు మీద పెట్టి ఓటర్లను అడిగారు. 1978 నాటి హెడ్లీ సవరణ తరువాత ఓటర్లు ఒప్పుకోకుండా స్థానిక పన్ను కొత్తగా వేయటం కుదరదు. రోడ్డు మిల్లు నెగ్గింది.

వసంతం మొదట్లో గడ్డకట్టిన నేల కరిగేటప్పుడు రోడ్డు కింద బురదై మెత్తబడుతుంది. అప్పుడు కొన్ని వారాలు బరువు లారీలకు పరిమితి పెడతారు. కంకర రోడ్ల మీద మామూలు బరువులో 35 శాతం తగ్గించుకోవాలి. ఒక మార్చిలో మా సెప్టిక్ ట్యాంకు నిండిపోయి లారీవాణ్ణి పిలిస్తే, పరిమితి ఎత్తేదాకా రాలేనన్నాడు. ఆ రెండు వారాలు మా ఇంట్లో నీళ్లు వాడిన పొదుపు నీకు వర్ణించి చెప్పను. భూగర్భ మురుగుకాలువలు ఇక్కడ లేవు, ఎవరి ట్యాంకు వారిదే, ఎవరి బోరు వారిదే. అనుమతి మాత్రం ఆరోగ్య శాఖ ఇవ్వాలి.

మడత కాగితంలో మిగిలినవి చిన్న చిన్న సంగతులు. ఆఫీసు వారంలో రెండు రోజులే తెరుస్తారు. ఏప్రిల్‌లో ఒక శనివారం పాత పరుపులు, టైర్లు తెచ్చి పడేయవచ్చు, మామూలు చెత్తకు మాత్రం ప్రైవేటు బండికి ఎవరి డబ్బు వారు కట్టుకోవాలి. ఆకులు కాల్చే ముందు అగ్నిమాపక దళానికి ఫోను చేయాలి. ఆ దళంలో అందరూ వేరే ఉద్యోగాలు చేసుకొనేవాళ్లే, పిలుపు రాగానే ట్రాక్టరు దిగి వస్తారు. శ్మశానంలో ఊరివాళ్లకు స్థలం తక్కువ ధరకు ఇస్తారట. మనకు దహనమే గనుక ఆ రాయితీ నాకు దక్కదు.

గ్రామసభ సంగతి. ఇక్కడి చట్టంలో అచ్చం గ్రామసభ వంటిది ఒకటి ఉంది: మార్చి చివరి శనివారం ఓటర్లందరి వార్షిక సభ. పాలకవర్గం తమ జీతాల తీర్మానాన్ని ఆ సభకు కనీసం 30 రోజుల ముందే చేయాలి, సభలో చేతులెత్తిన ఓటర్లు ఆ అంకెను మార్చవచ్చు. సర్పంచి గౌరవ వేతనం గ్రామసభ నిర్ణయించినట్లు ఊహించుకో! చాలా టౌన్‌షిప్‌లు ఈ సభను రద్దు చేసుకున్నాయి, మా దగ్గర ఇంకా మిగిలింది. కిందటేడు వెళితే పాలకవర్గంతో కలిపి పదకొండుమందిమి ఉన్నాము. పదకొండులో ఇద్దరు కాఫీ కోసం వచ్చినవాళ్లు. నీ రిజిస్టరులో ఇంటింటికీ తిప్పి వేయించిన సంతకాలు గుర్తొచ్చాయి, ఏమీ అనుకోకు.

హాలు నిండిపోయిన సభ ఒక్కటే చూశాను, అది సోలార్ గురించి. ఒక సంస్థ రైతుల దగ్గర వందల ఎకరాలు కౌలుకు తీసుకొని సౌరఫలకాలు పరుస్తామని వచ్చింది. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకొని నిలబడ్డారు. మాట్లాడేవాళ్లకు తలా మూడు నిమిషాలు. సమయం అయిపోగానే మోగించటానికి క్లర్కు ముందు గంట ఉంటుంది. కౌలుకిచ్చిన రైతు ఒకడు, నా పొలం కొడుకులు చేయరు, ఈ డబ్బుతోనే దాన్ని అమ్ముకోకుండా ఉంచుకోగలనన్నాడు. అతని పొరుగింటి ఆవిడ, తెల్లారి లేస్తే నేను గాజు చూడాలా అని ఏడ్చింది. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

చివరికి తేలింది ఏమిటంటే, తేల్చే అధికారమే టౌన్‌షిప్ చేతిలో పూర్తిగా లేదు. 2023లో చేసి 2024 నవంబరు 29 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ప్రకారం, 50 మెగావాట్లు, అంతకు మించిన సౌర ప్రాజెక్టుకు స్థానిక నిబంధనలు రాష్ట్ర ప్రమాణాల కన్నా కఠినంగా ఉంటే, సంస్థ నేరుగా రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ దగ్గర అనుమతి అడగవచ్చు. ఆ ప్రమాణాలలో ప్రాజెక్టులో చేరని పొరుగువారి ఇంటికి 300 అడుగుల ఎడం ఉండాలని ఉంది. కమిషన్ అనుమతించిన పక్షంలో మెగావాటుకు 2,000 డాలర్ల చొప్పున స్థానిక సంస్థకు ముడుతుంది. మా సూపర్‌వైజరు ఇదంతా చదివి వినిపించి, మనం వద్దంటే పైవాళ్లు ఔనంటారు, మనం నిబంధన రాసుకుంటే కనీసం కంచె పక్కన చెట్లు ఏవి నాటాలో మనం చెప్పవచ్చు అన్నాడు. ఆయనను అమ్ముడుపోయావని కేకలు వేశారు. నాకు జాలి వేసింది, కాని ఇటువంటి కేకలను తేలిగ్గా తీసుకోవటానికి లేదు: 2023 నవంబరులో మెకోస్టా కౌంటీలోని గ్రీన్ చార్టర్ టౌన్‌షిప్‌లో గోషన్ అనే కంపెనీ బ్యాటరీ ఫ్యాక్టరీని సమర్థించిన అయిదుగురు పాలకవర్గ సభ్యులను ఓటర్లు ఒకేరోజు రీకాల్ ఓటుతో దింపేశారు.

ఆ సభ మినిట్స్ ముసాయిదా ఎనిమిది పనిదినాలలో ఎవరు అడిగినా చూపాలని చట్టం. వెళ్లి చదివాను. ఏడుపులూ కేకలూ ఏవీ లేవు. "ప్రజల వ్యాఖ్యలు స్వీకరించబడ్డాయి" అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం నువ్వే రాశావా అనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ముసాయిదా చదువుతుంటే క్లర్కు, ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు మాకు కావాలి, ప్రణాళికా సంఘంలో ఒక స్థానం ఖాళీ అవుతోంది, మూడేళ్ల పదవి, పేరు ఇవ్వమంటారా అని అడిగింది. ఇంట్లో అడిగితే, చలికాలం రాత్రి మంచులో కారు తోలుకుపోయి తిట్లు తినటానికా అన్నది మా ఆవిడ. సోలార్ నిబంధన ముసాయిదా మొదట రాబోయేది ఆ సంఘం ముందుకే. ఆ రైతూ, ఆ ఆవిడా ఇద్దరూ నాకు ఎదురుగా కూర్చుంటారు. ఫిబ్రవరి సభలోగా జవాబు చెప్పాలి. అటూ ఇటూ తిట్లు తిని, ఫైలు మాత్రం శుభ్రంగా ఉంచుకొని బయటపడిన అనుభవం నీది గనుక, నువ్వేమంటావో ఆలస్యం చేయకుండా రాయి.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు