సాల్స్‌బరీ ప్రయాణం గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల చివరి శనివారం మన తెలుగు బడిలో తరగతులు ఉండవు. ఆ రోజు ఏడేళ్లు నిండిన పిల్లలందరినీ సాల్స్‌బరీ ఊళ్లో ఉన్న పాతకాలపు పెద్ద చర్చికి, అంటే సాల్స్‌బరీ కెథీడ్రల్‌కి తీసుకెళ్తున్నాం. పోయిన వారం వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెప్పగానే బోలెడు ప్రశ్నలు వచ్చాయి. భోజనం, బస్సు టైము లాంటి వాటికి అక్కడే జవాబు చెప్పేశాను. ఒక ప్రశ్న మాత్రం రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఈ నెల ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిక పట్టి చదవండి.

ఆ ప్రశ్న ఇది: "మేడమ్, తెలుగు చెప్పేదే వారానికి రెండు గంటలు. అందులో ఒక రోజు తీసి చర్చికి ఎందుకండీ?"

పోయిన టర్మ్‌లో పెద్ద పిల్లలకు రామప్ప గుడి పాఠం చెప్పాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆ గుడి కట్టించాడనీ, అక్కడి శాసనం 1213 నాటిదనీ చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు "అప్పుడు ఇక్కడ ఏముంది?" అని అడిగాడు. ఇక్కడ అంటే వాడు పుట్టి పెరిగిన ఇంగ్లండ్‌లో అన్నమాట. మంచి ప్రశ్న. దానికి జవాబు మనకి కోచ్‌లో గంటన్నర దూరంలోనే ఉంది. సాల్స్‌బరీ కెథీడ్రల్‌కి 1220 ఏప్రిల్ 28న శంకుస్థాపన చేశారు. రామప్ప శాసనానికీ దీనికీ మధ్య తేడా ఏడేళ్లు. అంటే దాదాపు ఒకే తరం మేస్త్రీలు. ఒకరి ఊసు ఒకరికి తెలియదు, కానీ ఇద్దరికీ తలనొప్పి ఒకటే: ఇంత బరువుని నేల మీద ఎలా నిలబెట్టాలి?

రామప్పలో పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారు. గర్భగుడి మీది గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి బరువు తగ్గించుకున్నారు. సాల్స్‌బరీలో కథ ఇంకోలా నడిచింది. మొదట కట్టినవాళ్లు శిఖరం లేకుండానే పని ముగించి 1258లో ప్రతిష్ఠ చేశారు. కెథీడ్రళ్ల లెక్కన 38 ఏళ్లంటే చాలా తొందరగా అయినట్టే. అందుకే లోపల ఏ మూల చూసినా ఒకే చేత్తో కట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు వచ్చినవాళ్లు, 1300 ప్రాంతంలో, ఆ కట్టడం నడినెత్తి మీద ఇంకో 6,500 టన్నుల టవరూ శిఖరమూ తెచ్చి పెట్టారు. మొత్తం ఎత్తు 123 మీటర్లు. బ్రిటన్‌లో ఇంతకంటే ఎత్తైన చర్చి శిఖరం ఇవాళ్టికీ లేదు.

దీనికంతటికీ పునాది లోతు ఎంతో తెలుసా? సుమారు నాలుగు అడుగులు. మన ఊళ్లో మేడ కట్టే మేస్త్రీకి చెబితే నవ్విపోతాడు. కింద గులకరాళ్ల పొర గట్టిగా ఉండటం, ఆ పొరలో నీళ్లు ఎప్పుడూ ఉండటం వల్ల అది నిలిచింది. ఏవన్ నది పక్కనే పారుతుంది. కెథీడ్రల్ నేలలో ఒకచోట చిన్న మూత ఉంది. అది తీసి పొడుగాటి కర్ర దించి నీటి మట్టం చూస్తారు. ముందుగా అన్నీ చూసుకుందామని నేనూ ఇంకో టీచరూ వెళ్లినప్పుడు అక్కడి వాలంటీర్ ఒకాయన ఆ కర్ర తడి చూపించారు. అంత ఎత్తు రాతి కట్టడం మధ్యలో నిలబడి, కాళ్ల కింద నీళ్లున్నాయని తెలిస్తే ఒక్క క్షణం గుండె జారుతుంది. పిల్లలకైతే సరదాగానే ఉంటుంది లెండి.

పిల్లలు తప్పనిసరిగా చూడాల్సింది మాత్రం శిఖరం కింద ఉన్న నాలుగు పెద్ద స్తంభాలు. వాటి పక్కన నిలబడి, చెంప రాతికి దాదాపు ఆనించి, నిట్టనిలువుగా పైకి చూడమనండి. స్తంభం వంగి ఉండటం కంటికే తెలుస్తుంది. ఎవరూ చూపించక్కర్లేదు, టేపుతో కొలవక్కర్లేదు. ఏడు వందల ఏళ్లుగా మోస్తున్న బరువు అది. భయపడి ఆ తర్వాతి తరాలవాళ్లు అడ్డంగా ఆర్చీలు కట్టారు, టవర్‌కి ఇనుప పట్టీలు బిగించారు. 1668లో క్రిస్టఫర్ రెన్ వచ్చి కొలిస్తే శిఖరం కొస 75 సెంటీమీటర్లు నైరుతి వైపుకి ఒరిగి ఉందని తేలింది. లండన్‌లో సెయింట్ పాల్స్ కట్టిన రెన్ ఈయనే. శిఖరం కొస కిందికి ఎక్కడ పడుతుందో చూపించే గుర్తు నేల మీద ఉంటుంది, దాన్ని పిల్లల చేతే వెతికించండి. శిఖరం కట్టినవాళ్లకు బరువు సంగతి తెలియదని అనుకోకండి. కింద రెండడుగుల మందంతో మొదలైన గోడ పైకి వెళ్లేసరికి జానెడు మందానికి దిగిపోతుంది. అప్పట్లో లోపల కట్టిన చెక్క పరంజీని ఇప్పటికీ విప్పలేదు.

"మెదక్ చర్చి లాగే ఉంటుందా మేడమ్?" అని కూడా ఒకరు అడిగారు. ఇంచుమించు అలాగే ఉంటుందండీ, ఎందుకంటే మెదక్ చర్చి కట్టిన గోథిక్ పద్ధతి పుట్టింది ఇలాంటి కట్టడాల్లోనే. కాకపోతే మెదక్ చర్చికి ప్రతిష్ఠ జరిగింది 1924లో. ఏడు వందల ఏళ్ల తర్వాతి మనవరాలు అనుకోండి. మెదక్ చూసిన పిల్లలు ఎవరైనా ఉంటే కోచ్‌లో మిగతావాళ్లకి చెప్పమనండి, నేనూ వింటాను.

ఇక మతం సంగతి. ఇద్దరు ముగ్గురు నాకు విడిగా ఫోన్ చేసి అడిగారు కాబట్టి అందరికీ చెబుతున్నాను. మన బడిలో చర్చికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి, గుడికీ మసీదుకీ వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. కెథీడ్రల్ ఇప్పటికీ రోజూ ప్రార్థన జరిగే చోటు, మ్యూజియం కాదు. మనం ఉన్నప్పుడు మైకులో చిన్న ప్రార్థన వినిపిస్తే ఉన్నచోటే ఆగి నిశ్శబ్దంగా ఉంటాం. ఎవరినీ ప్రార్థన చేయమని అడగరు, చేసుకునేవాళ్లను ఎవరూ వద్దనరు. మన ఊళ్లో దర్గాకి ఎవరైనా వెళ్లినట్టే వెళ్లి, మర్యాదగా చూసి వస్తాం. చెప్పులు విప్పక్కర్లేదు. పిల్లలకి ఇది ముందే చెప్పండి, లేకపోతే గుమ్మం దగ్గరే సగంమంది బూట్లు విప్పేస్తారు!

మధ్యాహ్నం భోజనం అయ్యాక చాప్టర్ హౌస్‌కి, అంటే కెథీడ్రల్ మతగురువులు సమావేశమయ్యే గదికి వెళ్తాం. ఎనిమిది పలకల గది, మధ్యలో ఒకే ఒక్క సన్నటి స్తంభం, దాని నుంచే కప్పు మొత్తం విచ్చుకుంటుంది. గోడ చుట్టూ ఆదాము, నోవహు, యోసేపు, మోషే కథలు రాతిలో చెక్కి ఉంటాయి. నోవహు ఓడ ఎక్కడుందో ముందు కనిపెట్టిన జట్టుకి చాక్లెట్లు. ఇంగ్లండ్ రాజు జాన్ తన దొరలకి ఒప్పుకుని ఇచ్చిన హక్కుల పత్రం, 1215 నాటి మాగ్నా కార్టా ఉండేది కూడా ఈ గదిలోనే. అసలు ప్రతులు ప్రపంచం మొత్తం మీద నాలుగే మిగిలాయి. రెండు బ్రిటిష్ లైబ్రరీవి, ఒకటి లింకన్‌ది, ఒకటి ఇక్కడిది. ఉన్నవాటిలో బాగా నిలిచింది ఇదే.

పిల్లలు లావుపాటి పుస్తకం ఊహించుకుని వస్తారు. తీరా చూస్తే ఒకే ఒక్క తోలు కాగితం, దాని మీద చీమల బారుల్లా లాటిన్ అక్షరాలు. సంతకం ఎక్కడా కనపడదు, ఎందుకంటే జాన్ రాజు సంతకం పెట్టలేదు, ముద్ర వేయించాడు. ఆ ముద్ర కూడా ఈ ప్రతికి ఇప్పుడు లేదు. చట్టప్రకారం తీర్పు లేకుండా స్వేచ్ఛ గల మనిషిని ఎవరినీ చెరలో పెట్టకూడదన్న మాట అందులోనే ఉంది. అప్పట్లో ఆ "స్వేచ్ఛ గల మనిషి" లెక్కలోకి రాని రైతులు, కూలీలు ఎంతోమంది ఉన్నారన్న సంగతి కూడా పిల్లలకి చెబుతాం. ఈ పత్రానికి ఒప్పందం జరిగిన రన్నీమీడ్ మీలో చాలామంది లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు మీద రోజూ దాటిపోయే స్టెయిన్స్ దగ్గరే ఉంది. కెథీడ్రల్‌లో మాగ్నా కార్టా పెట్టిన చోట చీకటిగా, ఇరుగ్గా ఉంటుంది. ఫొటోలు తీయనివ్వరు, ఫోన్లు జేబుల్లోనే ఉంచండి. 2018లో ఒకడు సుత్తి తీసుకుని దాని అద్దం పగలగొట్టబోయాడు. అందుకని కాపలా గట్టిగానే ఉంటుంది, పిల్లలు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి.

చిన్నవాళ్లకు ఇవన్నీ బోరు కొడతాయని భయపడేవాళ్లకు ఒక మాట. విలియం లాంగెస్పీ అనే దొర, జాన్ రాజుకి సవతి తమ్ముడు, ఈ కెథీడ్రల్‌లో మొట్టమొదట సమాధి అయినవాడు. 1791లో ఆయన సమాధి తెరిస్తే పుర్రెలో ఎలుక కళేబరం దొరికింది. దానిలో ఆర్సెనిక్ విషం ఆనవాళ్లు ఉన్నాయట. ఆయనకు విషం పెట్టారన్న పుకారు ఆ రోజుల్లోనే ఉంది. ఆ ఎలుకని ఎదురుగా ఉన్న మ్యూజియంలో దాచారు. మనకి ఆ రోజు మ్యూజియంకి టైము చాలదు, కానీ సమాధి దగ్గర ఆగి ఈ కథ చెబుతాం. మిగతాదంతా మరిచిపోయినా ఎలుకని ఒక్కరూ మరిచిపోరు, రాసి పెట్టుకోండి.

గడియారం దగ్గర కూడా పిల్లలు ఆగుతారు. 1386 నాటిది, ముఖమూ లేదు, ముల్లూ లేదు. ఇనప చట్రం, పళ్ల చక్రాలు, తాళ్లకి వేలాడే రాతి బరువులు, అంతే. బరువు కిందికి దిగుతూ ఉంటే చక్రాలు తిరుగుతాయి. గంట కొట్టడానికే చేశారు గానీ టైము చూసుకోవడానికి కాదు. పనిచేస్తున్న గడియారాల్లో ప్రపంచంలోనే పాతది ఇదేనంటారు. ఇక 2008లో పెట్టిన నీళ్ల తొట్టి ఒకటి ఉంది. జ్ఞానస్నానం ఇచ్చే తొట్టి అది. నీళ్లు అంచుదాకా కదలకుండా నిలబడి, పైకప్పు మొత్తం అందులో కనిపిస్తుంది. చేతులు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి పెట్టనివ్వకండి.

టవర్ ఎక్కే కార్యక్రమం ఈసారి పెట్టుకోలేదు. 332 మెట్లు, మెలికలు తిరిగే ఇరుకు దారి. ఇంతమంది పిల్లలతో నాకు టెన్షన్ వద్దు. ఎక్కాలనుకునేవాళ్లు ఇంకో రోజు ఇంట్లోవాళ్లతో వెళ్లండి.

సాయంగా వచ్చే అమ్మానాన్నలకు ఒక విన్నపం. పిల్లల చేయి పట్టుకుని ఒక్కొక్కటీ చూపిస్తూ, ఫోన్‌లో చూసి చదివి వినిపిస్తూ గైడ్ అవతారం ఎత్తకండి. కెథీడ్రల్ మొత్తం చూడటం ఎలాగూ కుదరదు, చూపించాలని నాకూ లేదు. ఒక్కో పిల్లకి, పిల్లాడికి ఒకే పని ఇస్తున్నాం. ఏదో ఒకచోట పది నిమిషాలు నిలబడి, దాని బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోందో కనిపెట్టి కాగితం మీద గీయాలి. అది స్తంభం కావచ్చు, ఆర్చీ కావచ్చు, గడియారం కావచ్చు. బొమ్మ వంకరటింకరగా ఉన్నా ఫర్వాలేదు. ఇంటికొచ్చాక ఆ బొమ్మ చూపిస్తూ ఇండియాలో ఉన్న అమ్మమ్మకో నాన్నమ్మకో వీడియో కాల్‌లో తెలుగులో చెప్పాలి. మధ్యలో ఇంగ్లిష్ మాటలు దొర్లితే దొర్లనివ్వండి, పక్కనుంచి అందించకండి. తెలుగు గంటలు పోతాయని అడిగినవారికి కూడా నా జవాబు ఇదే. తరగతి గదిలో రెండు గంటల్లో ఒక్కో పిల్ల మాట్లాడేది ఐదు నిమిషాలు. ఆ వీడియో కాల్‌లో అంతకంటే ఎక్కువే మాట్లాడతారు.

ఇండియా నుంచి వచ్చి ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు కూడా రావచ్చు, కోచ్‌లో సీట్లు ఉన్నాయి. లోపల నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి కుర్చీలూ ఉంటాయి. రామప్పకో వేయిస్తంభాల గుడికో వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఒకరిద్దరు వస్తే పిల్లలకి పండగే.

కోచ్ బడి కారు పార్కు నుంచి ఉదయం 8 గంటలకు బయల్దేరుతుంది. 8 అంటే 8, మన టైము కాదు. సాయంత్రం 6 లోపు తిరిగి వచ్చేస్తాం. రాతి కట్టడం కాబట్టి బయట ఎండ కాసినా లోపల చలిగానే ఉంటుంది, స్వెటర్ తప్పనిసరి. భోజనం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. పులిహోర, చపాతీ లాంటివి అయితే తేలిక, సాంబారు డబ్బాలు వద్దు, పోయినేడాది కోచ్ సీట్లు కడిగింది మేమే. బయట పచ్చిక మీద కూర్చుని తింటాం, వాన వస్తే కోచ్‌లోనే. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు ఇద్దరు ఉన్నారు కాబట్టి పులిహోరలో అవి వేయకండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలది బ్యాగులో కాకుండా టీచర్ చేతికి ఇవ్వండి.

అనుమతి ఫారం ఈ ఉత్తరంతోపాటు పంపిస్తున్నాం. సంతకం పెట్టి వచ్చే శనివారం తరగతికి పిల్లలతో పంపండి. సాయంగా రాగలిగే పెద్దవాళ్లు ఫారం వెనక పేరు, ఫోన్ నంబరు రాయండి. ఐదుగురు పిల్లలకి ఒక పెద్దమనిషి ఉండాలి, ఇప్పటికి నలుగురు తక్కువ పడుతున్నారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు