ధరావతు లేని పాటలు

సంపాదకుడు గారికి నమస్కారం.

చెరువు చేపల వేలం పాటో, గుడి ముందు కొబ్బరికాయల కొట్టు పాటో చూసినవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. పాట పాడాలంటే ముందు ధరావతు, అంటే హామీ సొమ్ము, కట్టాలి. హెచ్చుపాట పాడి వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోతుంది. అందుకే ఎంత పట్టుదల ఉన్నవాడైనా నోరు తెరిచే ముందు ఒకసారి ఆలోచించుకుంటాడు. ఇళ్లలోని పాత సామాను ఆన్‌లైన్‌లో వేలం వేసి అమ్ముకోవడం ఇప్పుడు మన బొబ్బిలి, రాజాం వంటి ఊళ్లకీ వచ్చింది. ధరావతు మాత్రం దాని వెంట రాలేదు. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

ముందే చెబుతున్నాను, ఆన్‌లైన్ పాటలంటే నాకు వ్యతిరేకత లేదు. వాటి వల్ల మేలు పొందాను కూడా. నిరుడు పెద్ద ఇల్లు వదిలి రెండు గదుల వాటాలోకి మారాం. అటక మీద నుంచి మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ దిగింది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితిలో చేసినది. పాత సామాన్లు కొనే అబ్బాయి కాటా వేసి 1,400 రూపాయలన్నాడు. అతన్ని తప్పు పట్టను. అతని లెక్కలో అది కరిగించాల్సిన లోహం, కిలోకి ఇంత అంతే. మా అక్క కొడుకు మాత్రం ఆగమని ఫొటోలు తీసి, పాత ఇత్తడి వస్తువులు వేలం వేసే ఒక ఆన్‌లైన్ బృందంలో 1,500తో పాట మొదలుపెట్టాడు. రాత్రి 9 గంటలకి ముగింపు. పది నిమిషాల ముందు దాకా 1,900 దగ్గరే ఉన్న పాట, ఇద్దరు పోటీపడేసరికి 4,200కి వెళ్లింది. పాడుకున్నది బెంగళూరులో ఉంటున్న ఒక అమ్మాయి. డబ్బు ముందే పంపింది. గుండిగ చేరాక ఫోన్ చేసి, వాళ్ల నాయనమ్మ ఇంట్లో అచ్చం ఇలాంటిదే ఉండేదని చెబుతూ ఏడ్చింది. ఒక వస్తువు విలువ అమ్మేవాళ్లకి తెలియకపోవచ్చు. దాన్ని కావాలనుకునేవాళ్లు ఇద్దరు ఎదురుపడితే ఆ విలువ బయటికొస్తుంది. పాటలోని గొప్పతనం అదేనని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఆ ధైర్యంతోనే నా కుట్టుమిషన్ పెట్టాను. 5,200కి పాడుకున్నాయన తాను సైన్యంలో ఉన్నానని, విశాఖలో డ్యూటీ అని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. "అమ్మా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడిపోతుంది" అన్నాడు. కొట్టాను. 5,200 నా ఖాతాలోంచే పోయాయి. పొరపాటు జరిగిందని, పోయిన సొమ్మూ మిషన్ ధరా రెండూ కలిపి వేస్తానని ఇంకో కోడ్ పంపాడు. ఈసారి 10,400 పోయాయి. నేను 31 ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషిని. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని, పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతున్నట్టేనని ఆ పూట నాకెవరూ చెప్పలేదు. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి వెంటనే ఫోన్ చేస్తే సొమ్మును దారిలో నిలిపే వీలుంటుందనీ తెలియదు. మర్నాడు మా అక్క కొడుకు వచ్చాక చేశాం. అప్పటికే అది రెండు మూడు ఖాతాలు దాటిపోయింది. దయచేసి ఈ నంబరు పెద్దక్షరాలతో వేయండి.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా అందరూ నన్నే జాగ్రత్తగా ఉండాల్సిందంటారు. ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య సొమ్ము పట్టుకుని నిలబడే మనిషి లేకపోవడం ఎవరి అజాగ్రత్త? ఒకప్పుడు మన దేశంలో ఈ ఏర్పాటు ఉండేది. అమెరికాలో 1995లో మొదలైన ఈబే అనే ఆన్‌లైన్ వేలం సంస్థ 2004లో అలాంటిదే అయిన మన బాజీ డాట్ కామ్‌ని కొని ఇక్కడికి వచ్చింది. పైసాపే అనే పద్ధతిలో కొన్నవాడి డబ్బును తన దగ్గర ఆపి, సరుకు చేరాకే అమ్మినవాడికి ఇచ్చేది. 2018 ఆగస్టులో ఆ భారత వేదిక మూతపడింది. ఇప్పుడు మనలాంటి వాళ్లకి మిగిలినవి చాలావరకు ప్రకటనలు పెట్టుకునే చోట్లూ, ఇలాంటి బృందాలూ. పాటదారు ఎవరో తెలియదు, పాడి మాయమైతే అడిగేవాళ్లు లేరు.

ప్రభుత్వం తన పాత సామాను ఇలా అమ్మదు. 1964లో పెట్టిన ఎంఎస్‌టీసీ అనే కేంద్ర సంస్థ ప్రభుత్వ శాఖల తుక్కును ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంది. పాడేవాళ్లు ముందు ధరావతు కట్టాలి, సరుకు చూసుకోవడానికి గడువు ఉంటుంది, సొమ్ము కట్టాకే తీసుకెళ్లాలి. రైల్వే పాత పట్టాలకి కూడా పాట ఆన్‌లైన్‌లోనే. తుప్పు పట్టిన పట్టాలకి ఉన్న భద్రత ఒక విశ్రాంత ఉపాధ్యాయిని కుట్టుమిషన్‌కి ఎందుకు ఉండకూడదు?

ఇందులో సాధ్యం కానిదేమీ లేదు. కొత్త షేర్లకు దరఖాస్తు చేసేవాళ్ల సొమ్మును వాళ్ల ఖాతాలోనే యూపీఐతో నిలిపి ఉంచే పద్ధతి 2019 నుంచే ఉంది. పాడిన ధరలో పదో వంతు పాటదారు ఖాతాలో అలాగే నిలిపితే దొంగ పాటలు చాలావరకు ఆగుతాయి. ఇక మధ్యవర్తిగా తపాలా శాఖ కంటే నమ్మకమైనది మన జిల్లాలో నాకు కనబడదు. వి.పి.పి.లో పుస్తకాలు తెప్పించుకున్న తరం మాది. పోస్ట్‌మాన్ సొమ్ము తీసుకుని కట్ట చేతికిచ్చేవాడు, ఆ సొమ్ము పంపినవాళ్లకి మనియార్డరుగా చేరేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా బేరం సజావుగా తెగేది. అమ్మేవాళ్లు వస్తువును తపాలా కార్యాలయంలో చూపించి అప్పగించడం, కొన్నవాళ్లు విప్పి చూసుకున్నాకే డబ్బు విడుదల కావడం, దీనికి రుసుము తీసుకున్నా మేం కడతాం. మన ఎంపీ గారు ఈ మాట ఢిల్లీలో ఎత్తాలి. ప్రయోగం బొబ్బిలిలోనే మొదలుపెట్టమని అడగాలి.

బండ్లు అమ్మేవాళ్లకి ఒక మాట. మా వీధి కుర్రాడొకడు మోటారుసైకిల్‌ను ఫోన్లోనే బేరం కుదిర్చి రాయగడ మనిషికి ఇచ్చేశాడు. ఆర్‌సీలో పేరు ఇంకా ఆ కుర్రాడిదే. పేరు మారనంత వరకు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పాత ఫోన్ కొనేవాళ్లు *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐని, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్యని, కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, పక్కన చేర్చి 14422కి ఎస్ఎంఎస్ పంపితే అది సరైనదో కాదో తెలుస్తుంది.

మా ఇంట్లో ఇంకా ఒక వీణ ఉంది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన బొబ్బిలి వీణ. మా అమ్మాయి దూరదేశం వెళ్లాక దాని తంత్రులు తాకినవాళ్లు లేరు. నేర్చుకునే పిల్లలున్న ఇంటికి అది చేరాలని నా కోరిక. ఫొటోలు తీసి సిద్ధంగా ఉంచాను. ధరావతు కట్టించుకునే పాట ఎక్కడైనా మొదలైతే అక్కడే పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.