మినమాటా సరే, యనమదుర్రు మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ పరీక్షలు దగ్గరపడ్డాయి. మా వీధిలో రెండో ఏడాది చదివే కుర్రాడు మొన్న గైడు పట్టుకుని వచ్చి, “మాస్టారూ, బీఓడీ అంటే రెండు మార్కులకి ఎంత రాస్తే సరిపోద్దండీ?” అని అడిగాడు. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువుంది. తెల్లారగట్ల లేచి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేసేది వీడే.

“ఆ వేళప్పుడే ఎందుకు వేస్తార్రా?” అన్నాను.

“డీఓ, అదే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోద్ది కదండీ. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తాది, రాత్రి అదే పీల్చేసుకుంటాది. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ప్రమాదమండీ.”

“మరి మిగిలిన మేత, రొయ్యల పెంట అడుగున కుళ్లుతుంటే?”

“అదీ తినేస్తాదండీ ఆక్సిజన్‌ని.”

“కుళ్లేది ఎంత ఆక్సిజన్ తింటుందో ఆ లెక్క, అదేరా బీఓడీ!” అంటే తెల్లబోయాడు. పుస్తకంలోది వేరే ఏదో అనుకున్నాడట.

ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. తప్పు కుర్రాడిది కాదు. లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్య తప్పనిసరి అంది. ఆ పుణ్యమా అని డిగ్రీలో పేపరైతే వచ్చింది గానీ, అది గైడులోంచి జవాబు పత్రంలోకి ఎత్తిపోసే సరుకైంది. 1952 లండన్ పొగమంచు, జపాన్‌లో 1956లో బయటపడ్డ మినమాటా పాదరసం విషం, 1984 భోపాల్ గ్యాస్ లీకు – ఇవన్నీ పిల్లలు గడగడా అప్పజెబుతారు. బస్సు దిగి మా ఊరి మురుగు కాలువ యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద నడుస్తూ ముక్కు మూసుకుంటారు. ఆ కంపుకీ ఈ పాఠానికీ చుట్టరికం ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు. నేనూ ఆ తానులో ముక్కనే. ఇన్నేళ్లలో ఒక్క బ్యాచ్‌నీ కాలువ గట్టుకి తీసుకెళ్లలేదు.

నిజానికి ఈ సబ్జెక్టుకి డెల్టాను మించిన ప్రయోగశాల ఏముంది? ధవళేశ్వరం దగ్గర మళ్లిన గోదావరి నీళ్లు కాలువల్లో, బోదెల్లో పారి, చేలు తడిపి, చెరువులు నింపి, చివరికి మురుగు డ్రెయిన్లలో పడి సముద్రం చేరతాయి. దారి పొడుగునా యూరియా కలుస్తుంది, ఊళ్ల మురుగు కలుస్తుంది, చెరువుల నుంచి వదిలిన నీళ్లు కలుస్తాయి. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క పట్టిందంటే, నీళ్లలో నత్రజని, భాస్వరం దండిగా ఉన్నాయని అది చెబుతున్నట్టే. చెరువులో మేత, పెంట కుళ్లితే పుట్టే అమ్మోనియా సంగతి చూడండి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గర ప్రాణాంతకమైన రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. ఎండ కాసి నాచు కార్బన్ డయాక్సైడు లాగేసుకుని పీహెచ్ 9కి ఎగబాకితే అదే అమ్మోనియాలో మూడో వంతుకు పైగా విషమవుతుంది. మధ్యాహ్నం పూట రొయ్య ఎందుకు నీరసిస్తుందో రైతుకు అనుభవం చెప్పింది. దాని వెనక ఉన్న సమతాస్థితి సమీకరణం కొడుక్కి కాలేజీ చెప్పాలి కదా.

పరికరాల్లేవనే సాకు చెల్లదు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది. మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైపో (సోడియం థయోసల్ఫేట్), గంజి, చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం బ్యూరెట్ ఒకటి ఉంటే చాలు. సీసాలో మొదటి రెండూ పోయగానే ఆక్సిజనుంటే గోధుమరంగు మడ్డి కడుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. డ్రెయిన్ నీళ్ల సీసా తెల్లగా ఉండిపోవడం ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లవాడికి బీఓడీ గురించి రెండు లైన్లు బట్టీ పట్టే పని ఉండదు. ఇంకో మాట: బీఓడీ కొలవడానికి నీళ్ల సీసాను అయిదు రోజులు, 20 డిగ్రీల దగ్గర ఉంచాలని పుస్తకాల్లో ఇంకా బ్రిటిష్ వారి లెక్కే ఉంది. మన దేశపు ప్రమాణాల్లో మూడు రోజులు, 27 డిగ్రీలు. మన ఎండలకి 20 డిగ్రీల లెక్కేమిటో!

కాలుష్య నియంత్రణ మండలి కొలుస్తోంది కదా, పిల్లలకెందుకీ పని అనేవారుంటారు. మండలి కొలతలు మండలివి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు నింపుకొనే మా ఊరి మంచినీళ్ల చెరువులో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటిందో లేదో మా ఊరివాళ్లకి తెలియాలి.

విశ్వవిద్యాలయం వారిని కోరేది ఇంతే. పర్యావరణ పేపర్లో కొన్ని మార్కులు తీసి ప్రాక్టికల్‌కి పెట్టండి. కాలువలు కట్టేసే ముందొకసారి, మళ్లీ వదిలాక ఒకసారి, ప్రతి డిగ్రీ కాలేజీ తన ఊరి కాలువ, డ్రెయిన్, మంచినీళ్ల చెరువుల నీళ్లు పట్టించాలి. పీహెచ్, డీఓ, బీఓడీ, నైట్రేటు కొలిచి రిజిస్టర్లో రాయాలి. ఆ కాగితం నకలు పంచాయతీ బోర్డుకి అంటించాలి. పిల్లల లెక్కలో తప్పులుంటాయి, ఉండనివ్వండి. మరుసటేడు పిల్లలు దిద్దుతారు.

నా దగ్గర రెండు బ్యూరెట్లు, డజను మూత సీసాలు ఊరికే పడున్నాయి. భీమవరం చుట్టుపక్కల ఏ కాలేజీ అడిగినా ఇస్తాను. సీసాలో గాలి బుడగ చిక్కకుండా నీళ్లు పట్టడం మాత్రం నేనే దగ్గరుండి నేర్పుతాను.

— ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, భీమవరం